1952 సంవత్సర చరిత్రను మన జిల్లా నుంచి కూర్చడం ఎలా

పాఠశాల గ్రంథాలయానికో, యువజన సంఘం గోడపత్రికకో ఒక్క ఏడాది చరిత్రను కూర్చదలచిన వారికి 1952ను మించిన సంవత్సరం దొరకదని నా అభిప్రాయం. అప్పటికి గణతంత్రం వయసు రెండేళ్ళు. 1950 ఆగస్టు 15న ఏర్పడిన శ్రీకాకుళం జిల్లా వయసూ ఇంచుమించు అంతే.

ముందుగా ఆనాటి సరిహద్దులను స్థిరపరచుకోవాలి. ఆ ఏడాది మనం ఉన్నది మద్రాసు రాష్ట్రంలో. బొబ్బిలి, పార్వతీపురం శ్రీకాకుళం జిల్లాలో ఉండగా, విజయనగరం పట్టణం విశాఖపట్నం జిల్లాలో ఉండేది. విజయనగరం జిల్లా 1979లో గాని ఏర్పడలేదు. ఈ సంగతి మరచి పాత కాగితాలలో "విజయనగరం జిల్లా" కోసం వెదికితే శ్రమంతా వృథా అవుతుంది.

తరువాత ఒక పొడుగు పుస్తకం తీసుకుని, ప్రతి సంఘటనకూ రెండు తేదీల గడులు గీయండి: అది జరిగిన రోజు, పత్రికలో అచ్చయిన రోజు. వార్త మన ఊరికి చేరిన రోజు తెలిస్తే దానికి మూడో గడి. మద్రాసులో అచ్చయిన దినపత్రిక రైలెక్కి ఆముదాలవలసలో దిగి, అక్కడినుంచి ఊళ్ళకు చేరవలసిన కాలమది. ఈ గడులను కలిపేస్తే చరిత్ర తారుమారవుతుంది. రాజకీయాలకు ఒక పుస్తకం, ఆటలకు మరొకటి పెట్టవద్దు. రెండూ ఒకే పుటలో ఉంటేనే ఆ కాలపు మనిషి పత్రిక చదివిన తీరు మనకు కనబడుతుంది.

ఫిబ్రవరి పుటనే చూడండి. మద్రాసు చెపాక్ మైదానంలో ఇంగ్లండుతో క్రికెట్ టెస్టు 6వ తేదీన మొదలయింది. ఆనాడే బ్రిటన్ రాజు ఆరో జార్జి మరణించడంతో విశ్రాంతి దినాన్ని ముందుకు జరిపి 7న ఆట ఆపారు. 10వ తేదీన విజయ్ హజారే జట్టు ఇన్నింగ్స్, 8 పరుగుల తేడాతో గెలిచి, భారతదేశానికి తొలి టెస్టు విజయం తెచ్చింది. వినూ మన్కడ్ 108 పరుగులిచ్చి 12 వికెట్లు తీశాడు. ఆ వారంలో తొలి సార్వత్రిక ఎన్నికల పోలింగు ఇంకా దేశమంతటా పూర్తి కాలేదు. అది 21న ముగిసింది. వలస పాలకుడి మరణం, వారి జట్టుపై గెలుపు, సొంత ప్రభుత్వం కోసం వేసిన ఓటు వరుసగా ఒకే పుటలో నిలుస్తాయి. వీటిని విడదీసే సంకలనకర్తల తీరు నాకెప్పుడూ అర్థం కాదు.

ఎన్నికల విషయంలో దేశపు లెక్కలు క్లుప్తంగా చాలు: 489 స్థానాలలో కాంగ్రెసుకు 364. అంతకంటె మన నియోజకవర్గానికి ఎక్కువ చోటివ్వండి; శ్రీకాకుళం నుంచి తొలి లోక్‌సభకు వెళ్ళినవారు బొడ్డేపల్లి రాజగోపాలరావు. పెద్దలను తేదీ అడిగితే తడబడతారు. "ఓటు వేసింది సంక్రాంతికి ముందా, తరువాతా? అరసవల్లి రథసప్తమికి ముందా?" అని అడిగితే నిదానంగా లెక్క చెబుతారు. మార్చి నెలాఖరు ఉగాదితో ఖర పోయి నందన వచ్చింది గనుక పంచాంగం దగ్గర పెట్టుకుని కూర్చోండి. అభ్యర్థికొక పెట్టె, పెట్టెమీద గుర్తు ఉండేవని గుర్తుచేస్తే, ఆనాటి పిల్లలు కూడా తల్లి వెంట వెళ్ళి చూసినది చెప్పవచ్చు.

జులై పుటలో హెల్సింకి ఒలింపిక్స్ వస్తాయి. 24న హాకీ ఫైనల్లో నెదర్లాండ్స్‌పై 6-1 గెలుపు, అందులో బల్బీర్ సింగ్ గోల్స్ 5. అంతకు ముందురోజు కుస్తీలో ఖాశాబా జాదవ్ కాంస్యం గెలిచాడు. స్వతంత్ర భారతానికి అది తొలి వ్యక్తిగత ఒలింపిక్ పతకం. వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడి బలాన్ని నేటికీ కథలుగా చెప్పుకునే ప్రాంతంలో ఈ కుస్తీ పతకాన్ని ఒక్క వాక్యంతో సరిపుచ్చకూడదు. ఓటములను కూడా దాచవద్దు: ఫుట్‌బాల్‌లో యుగోస్లావియా చేతిలో 1-10; జూన్‌లో లీడ్స్ టెస్టు రెండో ఇన్నింగ్స్‌లో పరుగు లేకుండా పడిన 4 వికెట్లు.

అక్టోబరు తరువాత ఆటల గడి సన్నగిల్లినా పరవాలేదు. దీపావళి రోజుల్లో, 19న పొట్టి శ్రీరాములు మద్రాసులో నిరాహార దీక్ష మొదలుపెట్టారు. డిసెంబరు 15 రాత్రి కన్నుమూశారు. 19న నెహ్రూ ఆంధ్ర రాష్ట్ర ప్రకటన చేశారు. మీ ఊళ్ళో ఆ నాలుగు రోజులూ ఏం జరిగిందో ఇద్దరు వేరు వేరుగా చెబితేనే సిరాతో రాయండి. ఒక్కరే చెప్పినదాన్ని పెన్సిలుతో రాసి, చెప్పినవారి అనుమతితో పక్కన వారి పేరు ఉంచండి.

పాత పత్రికల మడతలు అప్పడంలా విరిగిపోతాయి. వేలు తడిచేసి పుట తిప్పవద్దు. బల్లమీద పరచి, తేదీ ఉన్న పైభాగం కూడా పడేలా ఫోటో తీయండి. పుస్తకం పూర్తయ్యాక ఒక ప్రతిని శాఖా గ్రంథాలయంలో ఇచ్చి, ప్రతి పుటకూ కుడివైపు అంచు ఖాళీగా వదలండి. దిద్దుబాట్లు చెప్పేవారు తప్పక వస్తారు.