గ్రాఫులు చదవడం – నాలుగో పాఠం: కమ్మీ అడుగున ఏ సంఖ్య ఉంది?

గత పాఠంలో గణన చిహ్నాలతో పట్టిక తయారు చేసి, దాన్ని పటచిత్రంగా మార్చాం. ఈ పాఠానికి గ్రాఫు కాగితం, స్కేలు, పెన్సిలు దగ్గర పెట్టుకొని, చదువుతూనే గీయండి.

2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం జిల్లా జనాభా 27,03,114, విజయనగరం జిల్లా జనాభా 23,44,474. ఇవి 2022లో జిల్లాల పునర్విభజన జరగకముందు ఉన్న హద్దుల లెక్కలు. నిలువు అక్షాన్ని సున్నాతో మొదలుపెట్టి, 1 సెంటీమీటరుకు 5 లక్షల చొప్పున రెండు కమ్మీలు (సంఖ్యను పొడవుతో చూపే నిలువు పట్టీలు) గీయండి. ఒకటి సుమారు 5.4 సెంటీమీటర్లు, మరొకటి 4.7 సెంటీమీటర్లు వస్తుంది. ఇప్పుడు పక్క పేజీలో అక్షాన్ని 22 లక్షలతో మొదలుపెట్టి, 1 సెంటీమీటరుకు 1 లక్ష చొప్పున మళ్లీ గీయండి. ఈసారి శ్రీకాకుళం కమ్మీ 5 సెంటీమీటర్లు వస్తే, విజయనగరం కమ్మీ 1.4 సెంటీమీటర్లకే ఆగిపోతుంది. సంఖ్యలు అవే అయినా, మొదటి చూపులో ఒక జిల్లా జనాభా రెండోదానికి మూడున్నర రెట్లు ఉన్నట్టు తోస్తుంది. నిజానికి తేడా దాదాపు 15 శాతమే. కమ్మీ చిత్రంలో మన కన్ను కమ్మీల పూర్తి పొడవులనే పోలుస్తుంది కాబట్టి, అడుగు భాగాన్ని కోసేస్తే ఆ పోలికే తప్పిపోతుంది. అందువల్ల పత్రికలో గాని, పాఠ్యపుస్తకంలో గాని కమ్మీ చిత్రం కనిపించగానే, ముందుగా నిలువు అక్షం అట్టడుగున ఉన్న సంఖ్యను వేలు పెట్టి చదవండి. ఈ పాఠం మొత్తంలో ఈ ఒక్క అలవాటే అన్నిటికన్నా ముఖ్యమని నా అభిప్రాయం.

కొందరు విద్యార్థులు రెండు కమ్మీల కొసలను గీతతో కలిపి, అదే రేఖా గ్రాఫు అనుకుంటారు. ఆ గీత నడిమిన దాదాపు 25 లక్షలు కనిపిస్తుంది; అది ఎవరి జనాభా? రైలు మార్గంలో ఈ రెండు జిల్లా కేంద్రాల నడుమ చీపురుపల్లి వస్తుంది గాని, ఆ సంఖ్యకూ చీపురుపల్లికీ ఏ సంబంధమూ లేదు. గీత గీయాలంటే రెండు బిందువుల మధ్య కూడా ఒక విలువ ఉండి తీరాలి. నాగావళికి వరద వచ్చిన రోజున శ్రీకాకుళం దగ్గర ఉదయం 6 గంటలకు ఒకసారి, 9 గంటలకు ఒకసారి నీటిమట్టం కొలిచారనుకోండి. ఏడున్నరకు ఎవరూ కొలవకపోయినా ఆ వేళ నదిలో ఏదో ఒక మట్టం ఉండే ఉంటుంది. గీత దాన్ని ఉజ్జాయింపుగా చూపుతుంది. గీత నిటారుగా లేచిన చోట నీరు వేగంగా పెరిగిందనీ, బల్లపరుపుగా సాగిన చోట నిలకడగా ఉందనీ గ్రహించాలి. ఇక్కడ మనం ముఖ్యంగా చూసేది వాలును కాబట్టి, రేఖా గ్రాఫు సున్నాతో మొదలుకాకపోయినా తప్పు కాదు. స్కేలు మాత్రం చదవాల్సిందే.

ఇక వృత్తరేఖాచిత్రం, అంటే ఒక వృత్తాన్ని ముక్కలుగా కోసి మొత్తంలో ఒక్కో భాగం వాటాను చూపే చిత్రం. దీనిలో భాగాలన్నీ ఒకే మొత్తానికి చెందాలి. 2011లో ఏడేళ్లు, ఆపై వయసున్నవారిలో అక్షరాస్యత శ్రీకాకుళంలో 61.74 శాతం, విజయనగరంలో 58.89 శాతం. రెండింటినీ ఒకే వృత్తంలో పెట్టబోతే మొత్తం 120 శాతం దాటిపోతుంది. కనుక జిల్లాకొక వృత్తం కావాలి. శ్రీకాకుళం వృత్తంలో అక్షరాస్యుల కోణం 360 × 61.74 ÷ 100, అంటే సుమారు 222 డిగ్రీలు. విజయనగరం కోణాన్ని మీరే లెక్కించండి.

అభ్యాసం: 2001లో శ్రీకాకుళం జనాభా 25,37,593, విజయనగరం జనాభా 22,49,254. పై 2011 లెక్కలను కూడా తీసుకొని, సున్నాతో మొదలయ్యే జంట కమ్మీ చిత్రం (ఒక్కో జిల్లాకు రెండేళ్ల కమ్మీలు పక్కపక్కనే ఉండేది) గీయండి. ఏ జిల్లాలో ఎక్కువ మంది పెరిగారో ముందు చిత్రం చూసి ఊహించి, తరువాత తీసివేతతో సరిచూసుకోండి. ఐదో పాఠాన్ని ఈ చిత్రంతోనే మొదలుపెడదాం, కాగితాన్ని భద్రపరచండి.