ఐస్‌లాండ్ పోతే యోకుల్సార్లోన్ ఆగమాగం చూసి రాకండి

మన వరంగల్, హన్మకొండ నుంచి పిల్లల దగ్గరికి లండన్, జర్మనీ పోయే అమ్మానాన్నలు ఇప్పుడు మస్తుమంది ఉన్నరు, అక్కడిదాక పోయినంక ఐస్‌లాండ్ కూడా చూసొద్దాం అనుకుంటున్నరు. మంచు గుట్టలు తేలే ఆ సరస్సు, యోకుల్సార్లోన్, అందరి లిస్టుల ఉంటది. ముందుగాల వీసా సంగతి, లండన్ వీసాతోని ఐస్‌లాండ్‌ల దిగనియ్యరు, ఐరోపాల చాన దేశాలకు కలిపి ఇచ్చే షెంగెన్ వీసా కావాలె. జర్మనీకి షెంగెన్ వీసా మీద పోయినోళ్లయితే అదే నడుస్తది, తారీఖులు చూస్కుంటే చాలు.

ఇగ అసలు మాట. ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్ నుంచి పొద్దున పోయి రాత్రికి వాపస్ వచ్చే ప్లాన్ మాత్రం పెట్టుకోకండి. ఒక్క దిక్కే దగ్గర దగ్గర 375 కిలోమీటర్లు, ఎక్కడా ఆగకుండ పోయినా ఐదు గంటలు పడతది, పోను రాను పది గంటలు కార్లనే కూసుంటే సరస్సు కాడ ఎక్కువ టైమ్ మిగలది, ఫోటో దిగి ఉరుకుడే. అక్కడికి తూర్పున 80 కిలోమీటర్లల్ల హోఫ్న్ అనే చిన్న ఊరు ఉంది, అక్కడ రూమ్ తీస్కొని ఒక రాత్రి ఉండండి. సాయంత్రం ఒకసారి, తెల్లారి ఒకసారి చూడండి. జూన్ నుంచి ఆగస్టు దాక రూములు తొందరగా నిండిపోతయి, టికెట్లు బుక్ చేసిన్నాడే రూమ్ కూడా చేస్కోండి.

రెండుసార్లు ఎందుకంటే అది ఒక్క తీరుగ ఉండది. వాత్నాయోకుల్ అనే పెద్ద హిమనదం కొస కరుగుకుంట వెనక్కి పోతుంటే 1930లల్ల ఆ గుంతల నీళ్లు నిండుడు మొదలైంది, ఇప్పుడు అది ఐస్‌లాండ్‌ల అన్నిటికన్న లోతైన సరస్సు, 248 మీటర్లు. సరస్సుకు సముద్రానికి నడుమ చిన్న కాలువ లెక్క ఉంటది, పైన బ్రిడ్జి. సముద్రం పోటు మీదున్నప్పుడు ఉప్పు నీళ్లు లోపలికి వస్తయి, వాటెంబడి చేపలు, చేపల కోసం సీల్స్ కూడా వస్తయి, ఆటు మొదలైనంక నీళ్లు వాపస్ పోతూ మంచు ముక్కలను గుంజుకపోతయి. పెద్ద గుట్టలు అడుగు తగిలి ఆ కాలువ కాడనే ఇరుక్కుంటయి, కరిగి చిన్నగైతే గాని బయటికి పోవు. సముద్రంల పడ్డవాటిని అలలు మళ్ల ఒడ్డుకు కొడతయి, ఆ నల్లటి ఇసుక ఒడ్డునే డైమండ్ బీచ్ అంటరు. సాయంత్రం ఖాళీగ కనవడ్డ ఒడ్డు తెల్లారేసరికి మంచుతోని నిండి ఉండొచ్చు. అందుకే ఆటుపోట్ల టైమ్ నెట్‌ల చూస్కొని ఆటు మొదలైనంక బ్రిడ్జి కాడ నిలవడండి, కార్ అంత ముక్కలు కిందికెళ్లి కొట్టుకపోతుంటయి.

దగ్గరికి పోయి చూస్తే అన్నీ తెల్లగ ఉండయి. కొత్తగ విరిగినవి, బోర్లపడి అడుగు పైకి వచ్చినవి ముదురు నీలం రంగుల ఉంటయి, ఏండ్లకేండ్లు బరువు పడి గాలి బయటికి పోయి గట్టిపడ్డ మంచు ఎరుపు రంగును మింగుతది, నీలమే బయటికి వస్తది. నల్లటి చారలు కనవడితే అది మురికి కాదు, అగ్నిపర్వతాల బూడిద. ఒడ్డున పడ్డ చిన్న ముక్కను చేతుల పట్టుకొని వెలుగుకు చూడండి, లోపల సన్నసన్నటి గాలి బుడగలు కనవడతయి, చెవి కాడ పెట్టుకుంటే అవి పగులుతున్న చిటపట వినవడతది.

బోటు మే నుంచి అక్టోబర్ దాక నడుస్తది. నేల మీద నీళ్ల మీద రెండిట్లా పోయే పెద్ద బండి ఒకటి, అమ్మానాన్నలకు, చిన్న పిల్లలకు అదే మంచిది. రబ్బరు బోటు ఇంకా దూరం, హిమనదం గోడ దిక్కు పోతది, కాని గాలి మొహానికి కొడతది, చిన్న పిల్లలను ఎక్కనియ్యరు.

ఇగ పైలం. మంచు ముక్క ఒడ్డుకే ఉంది కదా అని ఎక్కి ఫోటో దిగకండి, దాని పది వంతులల్ల తొమ్మిది వంతులు నీళ్ల కిందనే ఉంటది, ఎప్పుడు బోర్లపడతదో ఎవ్వలికి తెల్వది, ఆ నీళ్లల్ల పడితే కొన్ని నిమిషాలల్లనే కాళ్లు చేతులు పనిచెయ్యవు. బీచ్‌ల సముద్రానికి వీపు పెట్టి నిలవడొద్దు, పది అలలు చిన్నగ వచ్చినంక ఒక్కటి ఉన్నట్టుండి పైదాక వస్తది. పిల్లల చెయ్యి వదలొద్దు. ఏమన్నయితే 112 కొట్టండి.

మనకు ఇక్కడ 44 డిగ్రీలు కాస్తున్నప్పుడు అక్కడ పది కూడా ఉండది, దాని మీద గాలి. జీన్స్, కాటన్ తడిస్తే ఆరవు, లోపల థర్మల్, నడుమ ఊలు స్వెట్టర్, పైన గాలి వాన ఆపే జాకెట్, మంకీ క్యాప్, గ్లౌజులు. అమ్మలకు చీర వద్దని చెప్పండి, ఆ గాలికి నిలవడుడే కష్టం. కార్ తలుపు తీసేటప్పుడు గట్టిగ పట్టుకోవాలె.

తినేటందుకు సకినాలు, కారప్పొడి, పులిహోర పేస్టు కొంచవోండి, సరస్సు కాడ తినేటందుకు పెద్దగ ఏం దొరకయి, అన్నీ రేటెక్కువ. మటన్ పచ్చడి, నెయ్యి మాత్రం పెట్టుకోకండి, మాంసం, పాల వస్తువులు బయటి దేశాల నుంచి రానియ్యరు. నీళ్ల బాటిల్ కొనకండి, నల్లా నీళ్లే బాగుంటయి. సరస్సు కాడ పెట్రోల్ బంక్ లేదు, తొవ్వల నింపుకొనే పోవాలె.

చలికాలంల పోతే బోటు ఉండది గాని నవంబర్ నుంచి మార్చి దాక మంచు గుహలు చూపిస్తరు, గైడ్ లేకుండ అడుగు పెట్టొద్దు, గైడ్ ఉన్నా పైలంగ ఉండాలె, 2024 ఆగస్టుల ఇదే హిమనదం మీద గైడ్‌తోని పోయిన గుంపు మీదనే మంచు కూలి ఒక టూరిస్ట్ చనిపోయిండు. డిసెంబర్‌ల వెలుగు నాలుగైదు గంటలే, రోడ్డు మీద ఐస్, మంచుల బండి నడిపిన అలవాటు లేనోళ్లు కార్ తీస్కోకుండ రెండు రోజుల బస్ టూర్ తీస్కోండి.