పట్టుబడి మొదలయ్యేలోపు స్కానర్ల వైఫై చూసుకోండి

భీమవరం చుట్టుపక్కల రొయ్యల పట్టుబడి ఊపందుకుంటే ప్లాంటులో సెట్టింగులు ముట్టుకునే తీరిక ఎవరికీ ఉండదు. ఇప్పుడే చూసుకోండి.

వైఫై పాస్‌వర్డ్ మారుస్తుంటే, స్కానర్లలోంచి పాత నెట్‌వర్క్‌ను ముందే తీసెయ్యకండి. చేతి స్కానర్లన్నిటికీ ఆఫీసు నుంచి అదే వైఫై మీద సెట్టింగులు పంపుతుంటే, కొత్త పాస్‌వర్డ్‌లో ఒక్క అక్షరం తప్పినా అన్నీ ఒకేసారి తెగిపోతాయి. ఇక ఒక్కొక్కటీ చేత్తో పట్టుకుని సరిచెయ్యాలి. అవతల ట్రేలలో ఐస్ కరుగుతుంటుంది. ముందు ఒక్కదానిలో మార్చండి, ఆపి మళ్లీ ఆన్ చేయండి, ఒక ట్రే లేబుల్ స్కాన్ చేసి చూడండి.

తేదీ, టైమ్ సరిచూడండి. బ్యాటరీ పూర్తిగా దిగిపోయిన స్కానర్ పాత తేదీ చూపించొచ్చు. సర్టిఫికెట్ (డిజిటల్ గుర్తింపు పత్రం) అడిగే వైఫై అప్పుడు కనెక్ట్ కాదు.

ఆండ్రాయిడ్ 10 నుంచి, మామూలుగా వైఫైకి అసలు మ్యాక్ అడ్రస్ (పరికరాన్ని గుర్తుపట్టే నంబరు) బదులు మారుపేరులాంటిది వెళ్తుంది. రూటర్‌లో అనుమతి జాబితా పెట్టుకుంటే, స్కానర్‌లో అసలు మ్యాక్‌నే ఎంచుకోండి.

కోల్డ్ స్టోరేజీ తలుపు మూసే పరీక్షించండి. రేకు గోడలు సిగ్నల్‌ని ఆపేస్తాయి, తలుపు తీసి ఉంటే ఆ సంగతి తెలియదు.

ఐపీలు (నెట్‌వర్క్‌లో ఒక్కో స్కానర్‌కి ఉండే అడ్రస్‌లు) చేత్తో ఇస్తుంటే కాగితం మీద రాసుకోండి. రెండింటికి ఒకటే పడితే రెండూ తడబడతాయి.