ఆడిస్తూ, తాయిలం పెడుతూ కుక్కపిల్లకి నేర్పించడం ఎలా?

మా కుక్కపిల్ల బెల్లానికి ఆరో నెలలో రోజుకి రెండు పూటలా కలిపి గంటన్నర నడక ఉండేది. ఇంటికొచ్చి గిన్నెడు నీళ్లు తాగి, తిన్నగా వెళ్లి సోఫా దిండు చింపేది. ఇంకా తిప్పాలేమో అనుకుని రెండు గంటలు చేశాం. మాకు మోకాళ్ల నొప్పులొచ్చాయి, దానికి స్టామినా పెరిగింది, దిండ్లు అయిపోయాయి. ఎన్ని కిలోమీటర్లు తిప్పినా దాని బుర్రకి పని దొరకడం లేదని చాలా ఆలస్యంగా అర్థమైంది. ఇప్పుడు నడక ముప్పావుగంటకి తగ్గింది. మధ్యలో ఐదేసి నిమిషాల ఆట మూడు నాలుగుసార్లు ఉంటుంది. దిండ్లు బతికి ఉన్నాయి.

బెల్లం వీధిలో పుట్టిన పిల్ల, రంగు చూసి పెట్టిన పేరు. మీది లాబ్రడారైనా, ముధోల్ జాగిలమైనా పద్ధతి ఇదే. దేనికి ఆశపడుతుందన్నదే కుక్కకీ కుక్కకీ మారుతుంది.

ముందు దాని ఇష్టం తెలుసుకోండి

ఒక గుప్పిట్లో ఉడికించిన చికెన్ ముక్క, ఇంకో గుప్పిట్లో బిస్కెట్ ముక్క పెట్టి రెండూ చాపండి. ఏ గుప్పిటి దగ్గర ముక్కు ఆగుతుందో చూడండి. పనీర్, క్యారెట్, ఉడికించిన గుడ్డు, ఇలా మార్చి మార్చి చూస్తే పది నిమిషాల్లో ఒక జాబితా తయారవుతుంది. తర్వాత బంతి, తాడు, పాత టవల్ ముక్క. బెల్లానికి బిస్కెట్ అంటే లెక్కలేదు. చికెన్ లివర్‌కి ఆస్తి రాసిచ్చేస్తుంది. అంతకంటే ఎక్కువ, ముడేసిన పాత టవల్. అన్నిటికంటే ఇష్టమైనది అన్నిటికంటే కష్టమైన పనికి దాచుకోండి. ఇంట్లో కూర్చోమంటే క్యారెట్ చాలు. వీధిలో పిల్లిని వదిలేసి మీ దగ్గరికి రావాలంటే లివర్ కావాలి.

ఆ టవల్ రోజంతా నేలమీద పడి ఉంటే దానికి విలువ పోతుంది. ఆట అవగానే బీరువాలో పెట్టేయండి.

తాయిలం శనగగింజంత ఉంటే చాలు. కుక్క రుచి చూసి మురిసేది ఎన్నిసార్లు దొరికిందన్నదానికే, ముక్క సైజుకి కాదు. రోజు తిండిలో తాయిలాల వాటా పదో వంతు దాటకూడదు. అందుకే చాలాసార్లు దాని భోజనంలోంచే గుప్పెడు తీసి వాడతాను. ఉప్పూ కారం లేకుండా ఉడికించాలి. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి కుక్కలకి విషం. పండగ పూట పాయసం, చక్రపొంగలి ముద్ద పెట్టేవాళ్లు కిస్‌మిస్ సంగతి మరీ గుర్తుపెట్టుకోవాలి. ఉడికిన ఎముకలు కూడా వద్దు, చీలి గుచ్చుకుంటాయి.

ఒక మెచ్చుకోలు మాట

కుక్క కూర్చుంది. మీరు జేబులో తడుముకుని ముక్క తీసి ఇచ్చేలోపు అది లేచి నిలబడింది. అంటే మీరు లేచి నిలబడినందుకు తాయిలం ఇచ్చారు. ఈ తప్పు అందరం చేస్తాం. దీనికి మందు ఒక పొట్టి మాట. మేం ‘భేష్’ అంటాం. మొదట ఏ పనీ చెప్పకుండా ‘భేష్’ అనండి, వెంటనే ముక్క పెట్టండి. ఓ పదిహేనుసార్లు. రెండు రోజులు ఇలా చేస్తే మాట వినగానే మీ చేతి వైపు చూడటం మొదలవుతుంది. ఆ తర్వాత కుక్క సరైన పని చేసిన క్షణంలోనే మాట పడాలి. ముక్క ఒకట్రెండు సెకన్లు వెనకొచ్చినా ఫర్వాలేదు. రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ కుక్కల లాలాజలం మీద గమనించింది, గుర్తుకీ తిండికీ మధ్య పడే ఈ ముడినే. ఆయనకి 1904లో నోబెల్ బహుమతి వచ్చింది మాత్రం జీర్ణక్రియ మీద చేసిన పరిశోధనకి.

ఇంట్లో అందరూ ఒకే మాట వాడాలి. ఒకరు ‘సిట్’, ఒకరు ‘కూర్చో’, అమ్మమ్మగారు ‘కూచోవే తల్లీ’ అంటే కుక్క తప్పేం లేదు.

పీకులాట

టవల్ పీకులాట ఆడితే కుక్క కరవడం నేర్చుకుంటుందని మా ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ హెచ్చరించారు. పద్ధతి పెట్టుకుని ఆడితే అలా జరగదు. పైగా నోటిని అదుపులో పెట్టుకోవడం నేర్పడానికి ఇంతకంటే మంచి ఆట నాకు తెలీదు.

పాత టవల్‌ని పొడుగ్గా చింపి, జడలా అల్లి, రెండు చివర్లా ముడెయ్యండి. కుక్క ముఖం మీదికి తోయకండి. నేలమీద ఎలుక పారిపోతున్నట్టు మీ వైపుకి లాక్కుంటూ పోండి. బెల్లం ముందు మోచేతులు నేలకి ఆనించి, వెనక భాగం పైకెత్తి, తోక విసనకర్రలా ఊపుతుంది. తర్వాత ఒక్క దూకు. పట్టుకున్నాక పక్కలకి మెల్లగా ఊపండి. పైకి ఎత్తి లాగితే మెడకి మంచిది కాదు. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి కాబట్టి ఆ రోజుల్లో ఇంకా వదులుగా పట్టుకోవాలి. టవల్‌కి చిన్న రక్తపు చుక్క కనిపిస్తే కంగారుపడకండి, ఆ పూటకి ఆపేయండి. ఆట మధ్యలో గుర్రుమంటుంది. ఒళ్లు వదులుగా, తోక ఆడుతూ ఉంటే అది సంబరమే. ఒళ్లు బిగుసుకుపోయి, కదలకుండా కళ్లు పక్కకి తిప్పి చూస్తూ గుర్రుమంటే మాత్రం ఆట ఆపి, అనుభవమున్న ట్రైనర్‌ని అడగండి.

ఇప్పుడు అసలు పాఠం. లాగడం ఆపేయండి. చెయ్యి తొడకి ఆనించి, టవల్‌లో ప్రాణం పోయినట్టు బిగబట్టి నిలబడండి. ‘వదిలెయ్’ అని ఒక్కసారే చెప్పి ముక్కు దగ్గర తాయిలం పెట్టండి. నోరు తెరిచిందా, ‘భేష్’, ముక్క ఇచ్చి, వెంటనే మళ్లీ ఆట. నాలుగైదు రోజులకి ముక్క అవసరం ఉండదు. వదిలితే ఆట మళ్లీ మొదలవుతుందని దానికి తెలిసిపోతుంది, అదే బహుమానం. పన్ను చేతికి తగిలితే మాత్రం మాటా పలుకూ లేకుండా పావు నిమిషం ఆట బంద్.

బెల్లం చెప్పు ఎత్తుకెళ్తే మేం ఇల్లంతా వెంటపడేవాళ్లం. దాని లెక్కలో రోజంతటికీ మంచి ఆట అదే. ఇప్పుడు వెంటపడం, ‘వదిలెయ్’ అంటాం.

పిలిస్తే రావాలంటే

తెలుగిళ్లలో ఒక చిక్కుంది. ‘ఏరా’, ‘రారా’, ‘అన్నం తిందువు రా’ అని రోజంతా వింటూ ఉండే కుక్కకి ‘రా’ అంటే చెవికి కూడా ఆనదు. మామూలుగా వాడని మాట ఎంచుకోండి. మాది ‘ఇటొచ్చెయ్’. మొదట ఇంట్లోనే దాగుడుమూతలు ఆడండి. ఒకరు కుక్కని పట్టుకుంటే ఇంకొకరు తలుపు వెనక దాక్కుని ఒక్కసారి పిలవాలి. కనిపెట్టగానే పండగ చేయండి. తర్వాత మేడమీద, ఆ తర్వాత ఖాళీ స్థలంలో ఏడెనిమిది మీటర్ల తాడు కట్టి. రాకపోతే దాని వైపు పరిగెత్తకండి, ఎదురు దిశలో పరిగెత్తండి.

స్నానానికీ, తిట్టడానికీ ఈ మాట వాడొద్దు. పదిసార్లు పిలిస్తే తొమ్మిదిసార్లు తాయిలం పెట్టి మళ్లీ ఆడుకోవడానికి వదిలేయండి.

ఒంటికి ఎంత పని

ఎముకలు ఇంకా పెరుగుతుంటాయి. పెద్ద జాతుల్లో అయితే ఏడాది, ఏడాదిన్నర దాకా. అప్పటిదాకా బైకు పక్కన పరిగెత్తించడం, ఎత్తుల మీంచి దూకించడం, నున్నటి టైల్స్ మీద బంతి విసరడం వద్దు. లేజర్ లైటు వెంట తరిమించకండి, దొరకని దాని కోసం పిచ్చెక్కిపోయే కుక్కలున్నాయి. టీకాల కోర్సు పూర్తయ్యాక ఎప్పుడు వీధిలో దించొచ్చో డాక్టర్‌ని అడగండి.

మన ఎండల్లో తెల్లవారుజామునే బయటికెళ్లాలి. సాయంత్రం రోడ్డు మీద మీ చేతి వెనక భాగం ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీకు కాలితే దాని పాదాలకీ కాలుతుంది. నడకలో వాసన చూసుకోనివ్వండి. కరెంటు స్తంభం దగ్గర రెండు నిమిషాలు ఆగితే మీకు విసుగు, దానికి పేపరు చదివినట్టు. వర్షం రోజున రాత్రి భోజనం టవల్ మడతల్లో చుట్టి ఇస్తే వెతుక్కుంటూ పావుగంట గడిపేస్తుంది.

కుక్కపిల్లలకి రోజుకి పద్దెనిమిది గంటల దాకా నిద్ర కావాలి. రాత్రి ఎనిమిదింటికి పిచ్చిపట్టినట్టు పరిగెడుతూ కరుస్తుంటే ఇంకాస్త ఆడించాలని అనుకోకండి. చాలాసార్లు అది నిద్రకి ఏడ్చే పసిపిల్లే. ఆట కూడా అది ఇంకా కావాలంటున్నప్పుడే ఆపాలి.

వచ్చిందంతా మరిచిపోతే

ఆరేడు నెలలు దాటాక చాలా కుక్కలు నేర్చుకున్నదంతా మరిచిపోయినట్టు ప్రవర్తిస్తాయి. కుర్రతనం. కోప్పడకుండా ఒక మెట్టు దిగి, మళ్లీ ఇంట్లోంచి మొదలుపెట్టండి. బెల్లం తొమ్మిదో నెలలో నేను ‘ఇటొచ్చెయ్’ అని గొంతు చించుకున్నా నావైపు చూసేది కాదు, మా వాచ్‌మన్ ఈల వేస్తే మాత్రం పరుగెత్తేది. వారం రోజులు చిన్నబుచ్చుకున్నాక ఆయన్నే అడిగాను. చొక్కా జేబులోంచి కాగితంలో చుట్టిన ఉడికిన గుడ్డు తీసి చూపించాడు. మర్నాటి నుంచి నేనూ రెండు గుడ్లు ఎక్కువ ఉడికిస్తున్నాను.