గేర్‌బాక్స్‌కి అదనపు ఆయిల్ కూలర్ వేయించాక వచ్చే సమస్యలు: లక్షణం, కారణం, మరమ్మతు

ఎండలు ముదిరాయంటే మాధవరం, రెడ్‌హిల్స్ వైపున్న షెడ్లకి ఆటోమేటిక్ పికప్పులు వరస కడతాయి. వాటిలో చాలా బళ్ళు మనవాళ్ళవే. తడ, సూళ్ళూరుపేట, నాయుడుపేట నుంచి చెన్నైకి సరుకు తెచ్చేవాళ్ళు, నెలకోసారి తిరుమల కొండ ఎక్కేవాళ్ళు, వెనకాల ట్రైలర్ కట్టుకుని తిరిగేవాళ్ళు. "కూలర్ వేయించాను అన్నా, ఇప్పుడు ఇంకో తలనొప్పి మొదలైంది" అంటూ వస్తారు. నేను చూసిన బళ్ళలో కూలరే చెడ్డదైనవి చాలా తక్కువ. బిగించిన తీరులో తప్పైనా ఉంటుంది, లేదా వేడి పుట్టే చోటు వేరే ఉంటుంది.

ఒక విషయం ముందే చూసుకోండి. మీ బండి ఏఎమ్‌టీ అయితే ఇక్కడ చెప్పేది మీకు వర్తించదు. ఏఎమ్‌టీ అంటే మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్చి తొక్కే పని మోటారు చేస్తుంది. దాంట్లో టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేర్‌బాక్స్‌కి అందించే భాగం) ఉండదు. ఇసుజు వీ-క్రాస్, టయోటా హైలక్స్‌ల ఆటోమేటిక్ రకాల్లో ఉన్నది 6 గేర్ల టార్క్ కన్వర్టర్ బాక్స్. ఈ మాటలు అలాంటి బళ్ళ గురించే.

ఆయిల్ వేడి 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉంటే బాక్స్ హాయిగా ఉన్నట్టు. కొండ ఎక్కేటప్పుడు కాసేపు 110 తాకినా కంగారు పడక్కర్లేదు. 120 దాటి అక్కడే నిలబడితే ఆయిల్ మాడి జిగురు కట్టడం, రబ్బరు సీళ్ళు గట్టిపడడం మొదలవుతాయి. మామూలు వేడి మీద ప్రతి 10 డిగ్రీలకీ ఆయిల్ ఆయుష్షు సగం పడిపోతుందని మా పనిలో ఒక లెక్క ఉంది. అందుకే కూలర్ వేసే ముందు స్కానర్ (బండి కంప్యూటర్‌ని చదివే పరికరం) పెట్టి, ఖాళీ బండితో ఒకసారి, బరువుతో ఒకసారి ఎంత వేడెక్కుతోందో రాసి పెట్టుకోమంటాను. ఆ కాగితం లేకపోతే కూలర్ పనిచేస్తోందో లేదో తర్వాత తేల్చుకోలేం.

కూలర్ వేసినా వేడి తగ్గలేదు

ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే, కారణాలు ఎక్కువున్నదీ దీనికే.

మొదట చూడాల్సింది పైపుల వరస. చాలా బళ్ళలో గేర్‌బాక్స్ ఆయిల్ రేడియేటర్ లోపలున్న చిన్న కూలర్ గుండా పోతుంది (కొన్నింట్లో ఆ కూలర్ విడిగా ఉండి, దాని చుట్టూ రేడియేటర్ నీళ్ళు తిరుగుతాయి). ఆ నీళ్ళే 85, 90 డిగ్రీల మీద ఉంటాయి. ఆయిల్ ముందు కొత్త కూలర్‌లోకి పోయి చల్లబడి, తర్వాత రేడియేటర్‌లోకి వెళితే అక్కడ మళ్ళీ వేడెక్కి బాక్స్‌కి చేరుతుంది. డబ్బు పోసి కొన్న చల్లదనం రేడియేటర్ పాలవుతుంది. సరైన వరస ఇది: బాక్స్ నుంచి రేడియేటర్‌కి, అక్కడి నుంచి కొత్త కూలర్‌కి, అక్కడి నుంచి బాక్స్‌కి.

ఏది వెళ్ళే పైపో, ఏది వచ్చే పైపో ఊహించి కోయకండి. రేడియేటర్ దగ్గర ఒక పైపు విప్పి, రెండు కొసలకీ హోస్ ముక్కలు తగిలించి, రెండింటినీ సీసాల్లో పెట్టండి. పక్కనున్నవాళ్ళు బండిని 2, 3 సెకన్లు స్టార్ట్ చేసి ఆపేస్తే చాలు, ఆయిల్ ఎటు నుంచి వస్తోందో కళ్ళకి కనపడుతుంది. అంతకు మించి నడిపితే బాక్స్ ఎండిపోతుంది.

వరస సరిగ్గానే ఉంటే కూలర్ రెండు కొసల వేడి కొలవండి. లేజర్ థర్మామీటర్‌తో మెరిసే అల్యూమినియం మీద కొలిస్తే అసలు వేడి కన్నా తక్కువ చూపిస్తుంది. నల్ల ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు వేసి దాని మీద కొలవండి. బండి బాగా తిరిగి వచ్చాక కూడా కూలర్ పూర్తిగా చల్లగా ఉంటే ఆయిల్ అందులోకి పోవడం లేదన్న మాట. బంపర్ వెనక హోస్ మడత పడిందేమో చూడండి. బిగించిన రోజు గుండ్రంగా ఉన్న మలుపు వేడికి మెత్తబడి నొక్కుకుపోతుంది. ఇంకోటి, కొన్ని కిట్లలో థర్మోస్టాట్ ఉంటుంది. ఆయిల్ 70, 80 డిగ్రీలకి చేరేదాకా అది కూలర్ దారి తెరవదు. ఇంటి ముందు 10 నిమిషాలు ఐడిల్‌లో పెట్టి కూలర్ చల్లగా ఉందని బెంబేలెత్తేవాళ్ళు చాలామంది. బాణం గుర్తు చూసి అది తిరగేసి పడలేదని నిర్ధారించుకుంటే చాలు.

కొలతలన్నీ బాగుండి, హైవే మీద మాత్రం వేడి ఎక్కుతోందా? అప్పుడు కూలర్‌ని వదిలేసి, కన్వర్టర్ లోపల ఇంజిన్‌నీ గేర్‌బాక్స్‌నీ నేరుగా కలిపి పట్టే లాకప్ క్లచ్చి చూడండి. టార్క్ కన్వర్టర్‌లో వేడంతా ఆయిల్ జారడం వల్ల పుట్టేదే. లాకప్ పట్టుకుంటే ఆ జారడం ఆగుతుంది. 16వ నంబరు జాతీయ రహదారి మీద గుమ్మిడిపూండి దాటాక ఖాళీ రోడ్డు దొరికినప్పుడు, వెనక బండి లేదని చూసుకుని, 80 వేగంలో నిలకడగా పోతూ, యాక్సిలరేటర్ వదలకుండా ఎడమ కాలితో బ్రేకు అలా తాకించండి. ఆర్‌పీఎమ్ 200, 300 పైకి లేచి, కాలు తీయగానే దిగితే లాకప్ పనిచేస్తున్నట్టు. కదలకపోతే అసలు పట్టుకోవడమే లేదు. స్కానర్‌లో పీ0741 కోడ్ కనపడితే అదే సాక్ష్యం. ఇది సొలినాయిడో (కరెంటుతో తెరిచి మూసే వాల్వ్), వాల్వ్ బాడీయో (బాక్స్‌లో ఆయిల్‌ని దారులకి మళ్ళించే దిమ్మ), కన్వర్టరో చూసి బాగుచేయాల్సిన జబ్బు. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చుంటే రోగి నిలబడడు.

ట్రాఫిక్‌లో మాత్రమే వేడెక్కుతుంటే గాలి చాలడం లేదు. కత్తిపారా దగ్గర అరగంట నిలబడితే ముందున్న కూలర్‌కి గాలి ఎక్కడిది? థర్మల్ స్విచ్‌తో చిన్న ఫ్యాన్ పెట్టించండి. జామ్ కదలదని తెలిసినప్పుడు న్యూట్రల్‌లో ఉంచండి. ఘాట్ రోడ్డులో డీ (డ్రైవ్)లో వదిలేయకుండా మాన్యువల్ మోడ్‌లో కింది గేర్ పట్టి ఎక్కితే కన్వర్టర్ జారడం తగ్గుతుంది.

డీ వేస్తే బండి ఆగి కదులుతోంది, మలుపుల్లో గేరు జారుతోంది

ఆయిల్ మట్టం తక్కువైంది. కొత్త కూలర్, హోస్‌లు కలిసి అరలీటరు నుంచి లీటరు దాకా తాగుతాయి. బిగించినవాళ్ళు అది పోయకుండా పంపేస్తే ఇలాగే అవుతుంది. ఈ బళ్ళలో చాలావాటికి డిప్‌స్టిక్ ఉండదు. బండిని సమంగా లేపి, ఇంజిన్ నడుస్తుండగా అన్ని గేర్లూ ఒకసారి తిప్పి, ఆయిల్ మాన్యువల్‌లో చెప్పిన వేడికి చేరినప్పుడు లెవెల్ ప్లగ్గు విప్పాలి. సన్నటి ధార చుక్కలుగా మారినప్పుడు మూసేయాలి. ఆ వేడి దాటాక విప్పితే ఉబ్బిన ఆయిల్ కారిపోయి మట్టం తగ్గుతుంది. చల్లగా ఉన్నప్పుడు విప్పి సరిపెడితే ఎక్కువవుతుంది. ఎక్కువైనా మంచిది కాదు: తిరిగే భాగాలు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తాయి, ఆ నురగ బ్రీదర్ (బాక్స్‌కి గాలి ఆడే గొట్టం) గుండా బయటకొచ్చి లీకులా కనపడుతుంది. కూలర్‌కి థర్మోస్టాట్ ఉంటే, అది తెరుచుకునేదాకా బండి తిప్పి, చల్లార్చి, రెండోసారి చూడాలి. పోసే ఆయిల్ మాన్యువల్‌లో రాసిన రకమే కావాలి. "అన్నింటికీ సరిపోతుంది సార్" అనే డబ్బా వద్దు.

ఏసీ చల్లదనం తగ్గింది, ఇంజిన్ వేడి చూపే ముల్లు పైకి పోతోంది

కూలర్ కండెన్సర్‌కి (రేడియేటర్ ముందుండే ఏసీ జాలీకి) అతుక్కుని గాలి దారి మూసేసింది. అవసరానికి మించిన పెద్దది కొన్నా ఇదే జరుగుతుంది. మధ్యలో వేలెడు సందు ఉండేలా, బాడీ ఫ్రేముకి ఇనప పట్టీలతో బిగించండి. కిట్‌తో వచ్చే ప్లాస్టిక్ పుల్లలు కండెన్సర్ రెక్కల గుండా దూర్చి బిగించే పద్ధతి నేను ఒప్పుకోను. ట్రక్కు అదురుకి ఆ పుల్లలు రాసుకుని రాసుకుని కండెన్సర్‌కే చిల్లు పెడతాయి.

ఆయిల్ కారుతోంది

వెంటనే బండి ఆపాల్సిన లక్షణం. వేడి ఎగ్జాస్ట్ మీద గేర్‌బాక్స్ ఆయిల్ పడితే మంట అంటుకుంటుంది.

హోస్ మీద రాసింది చదవండి. డీజిల్ హోస్ వేస్తే కొన్ని నెలలకే గట్టిపడి పగుళ్ళిస్తుంది. ఎస్ఏఈ జే1532 అని ఉన్న గేర్‌బాక్స్ ఆయిల్ హోసే వేయాలి. ఇనప పైపు కోసి, నున్నటి కొస మీదే హోస్ తొడిగి క్లిప్పు బిగిస్తే ఎంత బిగించినా ఏదో రోజు జారుతుంది. కొసన చిన్న గట్టు తీయించి దాని వెనక క్లిప్పు వేయాలి. ఎన్నూరు వైపు, సముద్రపు గాలిలో తిరిగే బళ్ళకి ఆ ఇనప పైపులు తుప్పు పట్టి బలహీనపడి ఉంటాయి. అలాంటప్పుడు అతుకులు మానేసి పైపే మార్చండి.

మరలతో ఒక మోసం ఉంది. పాత బండి సామాన్లు అమ్మే పుదుపేటలో పెట్టెలోంచి ఏరుకున్న అరంగుళం ఫిట్టింగు మీ కూలర్‌కి రెండు, మూడు చుట్లు చక్కగా పట్టి ఆ తర్వాత బిగుసుకుంటుంది. పైపు మరల్లో బీఎస్‌పీ, ఎన్‌పీటీ అని రెండు రకాలు, రెండింటికీ ఆ సైజులో అంగుళానికి 14 మరలే. అయితే మర కోణం బీఎస్‌పీకి 55 డిగ్రీలు, ఎన్‌పీటీకి 60. పట్టినట్టే ఉండి కారుతుంది. టెఫ్లాన్ టేపు చుట్లు పెంచితే ఆగదు, పైగా తెగిన పీలికలు వాల్వ్ బాడీలోకి పోయి ఇరుక్కుంటాయి. సరైన జత కొనండి. ఓ-రింగు ఉన్న చోట టేపు అసలు వద్దు.

ఆయిల్ రోజ్ మిల్క్ రంగులోకి మారింది

ఈ రంగు చూస్తే నా గుండె జారుతుంది. ఆయిల్‌లో నీళ్ళు కలిశాయి. బండి స్టార్ట్ చేయకండి, ఫ్లాట్‌బెడ్ మీద తెప్పించండి. క్లచ్చి ప్లేట్ల మీది పొర కాగితం లాంటిది, జిగురుతో అంటించి ఉంటుంది. నీళ్ళూ కూలెంటూ తగిలితే ఊడిపోతుంది.

నీళ్ళు ఎటు నుంచి వచ్చాయో తెలియాలంటే చల్లారాక రేడియేటర్ మూత తీసి చూడండి. అందులో కూడా ఎర్రటి జిడ్డు తేలుతుంటే రేడియేటర్ లోపలి కూలర్ పగిలింది. బండి నడుస్తున్నప్పుడు ఆయిల్ ఒత్తిడి ఎక్కువ కాబట్టి అది నీళ్ళలోకి పోతుంది, వేడి మీద ఆపగానే నీళ్ళు ఆయిల్‌లోకి వస్తాయి. రేడియేటర్ మార్చాలి, లేదా దాన్ని తప్పించి బయటి కూలర్ ఒక్కదాని మీదే నడపాలి. చెన్నైలో ఆయిల్ గడ్డకట్టే చలి లేదు కాబట్టి ఇలా నడుస్తుంది, కానీ ఫ్యాన్ తప్పనిసరి.

రేడియేటర్ శుభ్రంగా ఉంటే బ్రీదర్‌ని అనుమానించండి. 2015 డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరులో మిగ్‌జాం తుఫానప్పుడు వేళచ్చేరి, పల్లికరణై వైపు బళ్ళు ఎలా మునిగాయో మనం చూశాం. వేడిగా ఉన్న బాక్స్ నీళ్ళలో దిగగానే చల్లబడి, బ్రీదర్ గుండా నీళ్ళు లోపలికి పీల్చుకుంటుంది. ఆయిల్ రెండు, మూడు సార్లు దింపి నింపి, బ్రీదర్ గొట్టాన్ని బానెట్ కింద ఎత్తుగా పెట్టించాలి. నీళ్ళు కలిశాక ఎక్కువ దూరం నడిపి ఉంటే మాత్రం బాక్స్ విప్పి ప్లేట్లు చూడక తప్పదు.

ఆయిల్ నల్లగా, మాడు వాసనతో ఉంది

సంపు (బాక్స్ అడుగునున్న ఆయిల్ తొట్టి) విప్పి, లోపలున్న అయస్కాంతం చూడండి. బూడిదలాంటి సన్నటి ముద్ద మామూలే. మెరిసే రజను, గోటికి తగిలే లోహపు ముక్కలు ఉంటే కూలర్ దశ దాటిపోయింది, బాక్స్ విప్పాలి. అలా బాగుచేయించినప్పుడు పాత కూలర్‌ని కడిగి మళ్ళీ వేయమని అడగకండి. ప్లేట్లు పేర్చిన రకం కూలర్‌లో సందుల్లో దాక్కున్న రజను ఎంత కడిగినా పూర్తిగా రాదు. కొత్త బాక్స్‌తో బయలుదేరిన మొదటి వెయ్యి కిలోమీటర్లలోనే అది వాల్వ్ బాడీకి చేరగలదు. కూలర్, హోస్‌లు కొత్తవి వేయించండి. ఇనప పైపుల్ని రెండు వైపుల నుంచీ కడిగించి, గాలి కొట్టించి, తెల్ల గుడ్డ మీద మరక పడడం ఆగాకే కలపమనండి.