హేవ్‌లాక్ దీవిలో (ఇప్పటి పేరు స్వరాజ్ ద్వీప్) సముద్రంలోకి దిగే ముందు

అండమాన్‌లోనే ఉంటున్నాం, సముద్రం గుమ్మం ముందే ఉంది కదా అని నేరుగా దిగిపోకండి.

- ముందు ఆటుపోట్ల వేళలు చూసుకోండి. ఆటు సమయంలో నీళ్లు మోకాళ్ల దాకా తగ్గిపోయి పగడపు రాళ్లు బ్లేడుల్లా పైకి తేలతాయి, వట్టి కాళ్లతో నడిస్తే పాదం చీరుకుపోతుంది, ఆ గాయం ఓ పట్టాన మానదు. రబ్బరు బూట్లు తప్పనిసరి.
- మొసలి బోర్డు ఉన్నచోట, మడ అడవి పక్కన, వాగు సముద్రంలో కలిసేచోట ఎవరెంత ధైర్యం చెప్పినా దిగొద్దు. ఉప్పునీటి మొసలి బీచ్‌ల దాకా ఈదుకుంటూ వస్తుంది.
- డిసెంబరులో సాయంత్రం 5కే పొద్దుగూకుతుంది. ఎలిఫెంట్ బీచ్‌కి అడవిదారిన వెళ్తే 3కల్లా వెనక్కి బయల్దేరండి.
- ఒంటరిగా ఈదొద్దు.
- పగడాలు ఏరి సంచిలో వేసుకోవద్దు, అది నేరం.