మాకో షార్క్ పోలికతో పాత కార్వెట్‌ను సొంతం చేసుకోవడం ఎలా?

1965లో న్యూయార్క్ ఆటో షోలో షెవర్లే ఒక కాన్సెప్ట్ కారును నిలబెట్టింది. పేరు మాకో షార్క్ 2. మాకో ఒక జాతి సొరచేప. పొడవాటి మూతి, చక్రాల మీద ఉబికిన ఫెండర్లు, సన్నటి నడుము, వెనక అద్దం మీద వరసగా లూవర్లు, అంటే వాలుగా పేర్చిన సన్నటి పలకలు. వీపు మీద ముదురు నీలిబూడిద రంగు, కిందికి దిగేకొద్దీ పలచబడి పొట్ట దగ్గర వెండితెలుపు. జనరల్ మోటార్స్ డిజైన్ అధిపతి బిల్ మిచెల్ ఆలోచన, లారీ షినోడా గీత కలిసి పుట్టిన సొరచేప అది. షెవర్లే వాళ్ళ స్పోర్ట్స్ కారు కార్వెట్ 1968 మోడల్ ఆ రూపంతోనే రోడ్డెక్కింది కానీ, ఫ్యాక్టరీ దాకా వచ్చేసరికి పదును కొంత తగ్గింది. ఆ పదును మళ్ళీ తెచ్చుకోవాలని అమెరికాలో ఎందరో తమ కార్వెట్లను మార్పించుకున్నారు. అలాంటిది ఒకటి కొనాలన్నా, కట్టించుకోవాలన్నా ఏం చేయాలో చూద్దాం.

కార్వెట్‌ది స్పోర్ట్స్ కారు వంశమని, దాన్ని మజిల్ కారు, అంటే పెద్ద ఇంజన్ బలంతో దూసుకుపోయే అమెరికన్ కారు, అనకూడదని పట్టుబట్టేవాళ్ళున్నారు. బానెట్ కింద 427 క్యూబిక్ అంగుళాల, అంటే 7 లీటర్ల వి8 పెట్టుకున్న కారును ఆ పేరుతో పిలిస్తే తప్పేమీ లేదని నా అభిప్రాయం.

1. ముందు సంవత్సరం తేల్చుకోండి

ఈ తరం కార్వెట్ 1968 నుంచి 1982 దాకా వచ్చింది. మాకో రూపం కావాలంటే 1977 వరకు వచ్చిన మోడళ్ళే చూడండి. 1978 నుంచి వెనక పెద్ద వాలు అద్దం వచ్చింది. నిటారుగా ఉండే పాత చిన్న అద్దం, దానికి రెండు పక్కలా దిగే రెక్కలు లేకపోతే లూవర్లు అతకవు. 1972 దాకా ముందూ వెనకా క్రోమ్ బంపర్లు. 1974కి రెండూ పోయి రంగు వేసిన మెత్తటి బంపర్లు వచ్చాయి. ఎలాగూ మూతి మారుస్తారు కాబట్టి బంపర్ గురించి బెంగ అక్కర్లేదు. కాలిఫోర్నియాలో ఉండేవాళ్ళు మాత్రం 1975, అంతకుముందు మోడళ్ళకే పరిమితం కావడం మేలు. వాటికి అక్కడ పొగ పరీక్ష లేదు, 1976 నుంచి ఉంది.

2. అరుదైన కారు మీద రంపం పెట్టకండి

ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. ఇంజన్ కుడివైపు సిలిండర్ హెడ్‌కు ముందు చిన్న చదును జాగా ఉంటుంది. అక్కడ కారు వరస సంఖ్య చెక్కి ఉంటుంది. డ్రైవర్ వైపు విండ్‌షీల్డ్ స్తంభం మీది నంబర్ పలకతో దాన్ని పోల్చండి. రెండూ సరిపోలి, ఇంజన్ కూడా పుట్టినప్పటిదే అయితే ఆ కారును దాని మానాన వదిలేయండి. అది పెద్ద ఇంజన్ కారైతే మరీనూ. మూతి కోశాక దాని విలువ తిరిగి రాదు, చరిత్ర అసలే రాదు. ఎప్పుడో ఇంజన్ మారిన కారు, ముందు భాగం గుద్దుకుని దెబ్బతిన్న కారు, 1975లో 165 హార్స్‌పవర్‌కు పడిపోయిన మామూలు 350 క్యూబిక్ అంగుళాల ఇంజన్ కారు, ఇవీ మన పనికి తగినవి. వాటికి కొత్త రూపం ఇస్తే నష్టపోయేదేమీ లేదు.

3. పైన పటారం, లోన లొటారం కాకుండా చూసుకోండి

కార్వెట్ ఒళ్ళంతా ఫైబర్‌గ్లాసే కాబట్టి తుప్పు పట్టదనుకుంటే పొరపాటు. ఆ ఒంటి లోపల క్యాబిన్ చుట్టూ ఉక్కు పంజరం ఉంటుంది. దాన్నే బర్డ్‌కేజ్ అంటారు. విండ్‌షీల్డ్ చుట్టూ పట్టీ తీయించి, స్తంభాల మూలల్లో టార్చి వేసి చూడండి. కాళ్ళ దగ్గర పక్క ప్యానెళ్ళు విప్పించి, బాడీ చాసీకి బిగిసే చోట స్క్రూడ్రైవర్ మొనతో పొడవండి. పొరలు పొరలుగా రాలితే బేరం ఆపేయండి. తర్వాత కారు కిందికి దూరి, వెనక చక్రాలకు కాస్త ముందు ఫ్రేమ్ పైకి వంగే చోటు తట్టి చూడండి. నీళ్ళూ బురదా నిలిచేది అక్కడే. ఈ రెండు చోట్లా తుప్పుంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఇప్పటికే మార్చిన కారు కొంటుంటే ఇంకో పరీక్ష ఉంది. పుట్టీ ఎక్కడుందో కనిపెట్టడానికి మామూలు కార్లకు అయస్కాంతం వాడతారు. ఫైబర్‌గ్లాస్ మీద అది పనిచేయదు. వేలి కణుపుతో తడుతూ పోండి, మందంగా పుట్టీ వేసిన చోట శబ్దం మొద్దుగా వస్తుంది. ఫెండర్ల లోపలికి చేయి పెట్టి అతుకుల వెనక తడమండి. రెసిన్, గ్లాస్ గుడ్డ కలిపి వెనకనుంచి కూడా పొర వేసి ఉంటే అతుకు నిలుస్తుంది. పైనే పూసి వదిలేస్తే మొదటి వేసవికే గీతలు తేలతాయి.

4. సొరచేప మూతికి ఊపిరి ఆడనివ్వండి

ఈ కారు రేడియేటర్‌కు గాలి చాలావరకు మూతి కిందనుంచే వస్తుంది. 1968 పెద్ద ఇంజన్ కార్లు ఫ్యాక్టరీ రూపంలోనే వేడెక్కుతాయని పేరుపడ్డాయి. దానికి పొడవాటి, మూసుకుపోయిన మూతి తగిలిస్తే ట్రాఫిక్‌లో మీటరు ముల్లు ఎగబాకుతుంది. అందుకే రంగుకన్నా ముందు ఈ పని చేయించండి: గాలిని పైకి మళ్ళించే కింది పెదవి కాస్త పెద్దదిగా ఉండాలి. రేడియేటర్ చుట్టూ రబ్బరు, ఫోమ్ సీళ్ళన్నీ ఉండాలి. చాలా పాత కార్లలో ఇవి ఊడిపోయి ఉంటాయి, గాలి రేడియేటర్ గుండా కాకుండా పక్కలనుంచి జారిపోతుంది. ఫ్యాన్ చుట్టూ ష్రౌడ్, అంటే గాలిని పక్కకు పోనివ్వని తొడుగు, ఉండి తీరాలి. వేడి బయటికి పోవడానికి బానెట్‌లో రంధ్రాలుంటే ఇంకా మంచిది.

లేచే హెడ్‌లైట్లు ఇంజన్ వాక్యూమ్‌తో, అంటే ఇంజన్ గాలి పీల్చే బలంతో, నడుస్తాయి. ఒకటి చటుక్కున లేచి, రెండోది బద్ధకంగా లేస్తోందంటే ఎక్కడో గొట్టం పగిలి ఉండవచ్చు. నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులే ఉంటాయి కానీ, కారు వాడకుండా నిలిపితే కాలిపర్ల (డిస్క్‌ను నొక్కిపట్టే భాగాల) లోపలి గోడలు తుప్పెక్కి కారతాయి. స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టాలు తొడిగిన కాలిపర్లు దొరుకుతాయి, అవే వేయించండి.

5. రంగు

అసలు అందమంతా ఇక్కడే. మిచెల్ గోడకు తగిలించుకున్న సొరచేప రంగును, దీనికి ముందు వచ్చిన మొదటి మాకో షార్క్ కాన్సెప్ట్ కారు మీదికి ఎంతకీ తేలేక, చివరికి పెయింటర్లు చేపకే కారు రంగు వేశారని ఒక కథ చెప్పుకుంటారు. ఆ ఛాయ పట్టడం అంత కష్టం.

పాత రంగు తీయడానికి ఇసుక బ్లాస్టింగ్ ఒప్పుకోకండి, ఫైబర్‌గ్లాస్ గుల్లబారుతుంది. చేత్తో సాండింగ్, లేదా ఫైబర్‌గ్లాస్‌కని చేసిన స్ట్రిప్పర్ మాత్రమే. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు హాని, మాస్కు లేకుండా దగ్గరికి వెళ్ళకండి. ముందు కిందిభాగానికి వెండితెలుపు వేసి, పైనుంచి నీలిబూడిదను దించుకుంటూ రావాలి. రెండూ కలిసే చోట స్ప్రే గన్‌ను దూరం జరిపి, పలచగా, పొర మీద పొరగా కొట్టాలి. గీత గీసినట్టు కనిపించకూడదు. ముందు ఒక విడి ప్యానెల్ మీద వేయించి ఎండలో పెట్టి చూడండి, షెడ్డులో ట్యూబులైటు కింద అన్నీ బాగానే ఉంటాయి. రంగుల పాళ్ళు రాయించుకుని, మిగిలిన రంగు దాచుకోండి. ఇలా కరిగిపోయే రంగులో చిన్న గీత పడినా ఆ ముక్క ఒక్కటే దిద్దడం కుదరదు, పక్క మొత్తం మళ్ళీ వేయాల్సి రావచ్చు.

సైడ్ పైపులు, అంటే కారు పక్కన బయటికి కనిపించే పొగ గొట్టాలు, పెట్టిస్తే వేడి కవచం తప్పనిసరి. అమెరికాలో మనవాళ్ళ పెళ్ళి ఊరేగింపులకు ఇలాంటి కారు తీసేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. దిగేటప్పుడు పట్టుచీర అంచు ఆ పైపుకు తగిలిందా, అంతే సంగతులు.

6. కాగితాలు

మామూలు బీమాలో కంపెనీ దీన్ని పాత కారుగా లెక్కగడుతుంది. ముందే ఒప్పుకున్న విలువ చెల్లించే పాలసీ తీసుకోండి. దానికి రసీదులు, పని జరుగుతున్నప్పటి ఫొటోలు, వాల్యుయర్ ఇచ్చిన అంచనా కావాలి. రిజిస్ట్రేషన్ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఉదాహరణకు టెక్సస్‌లో కనీసం 25 ఏళ్ళు నిండి, అసలు డిజైన్ మార్చిన కార్లకు కస్టమ్ వెహికిల్ ప్లేట్లు వేరే ఉన్నాయి.

ఇండియాకు తెచ్చుకుందామనుకునేవాళ్ళకు ఒక హెచ్చరిక. 2021 నిబంధనల ప్రకారం 50 ఏళ్ళు దాటిన కార్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇస్తారు. అయితే చాసీ, బాడీ, ఇంజన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలోనే ఉండాలి. మూతి మార్చిన కార్వెట్ అందులోకి రాదు.

7. ఇంటికొచ్చాక

పాత రబ్బరు ఇంధన గొట్టాలను ఇథనాల్ తినేస్తుంది, దాన్ని తట్టుకునేవి వేయించండి. ఇంజన్ వాల్వులను కదిపే కామ్ పాత తరహా ఫ్లాట్ ట్యాపెట్ రకమైతే జింక్ పాలు ఎక్కువగా ఉన్న ఆయిలే వాడాలి, లేకపోతే కామ్ అరిగిపోతుంది. టైరు పక్కన నాలుగంకెల కోడ్‌లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. పదేళ్ళు దాటితే గాడులు కొత్తగా కనిపించినా మార్చేయండి. చలికాలంలో బ్యాటరీకి ఛార్జి తగ్గకుండా చూసే మెయింటెయినర్ తగిలించి, ట్యాంకులో పెట్రోలు పాడవకుండా స్టెబిలైజర్ పోసి, కొద్దిసేపు ఇంజన్ నడిపాక కవర్ కప్పండి.